కట్టిన చెయ్యే విప్పాలె

మా వీధిలో ఎవరికి కాలు బెణికినా ముందు నాకే తెలుస్తుంది. నేను డాక్టర్ని కాను, మంత్రగత్తెను కాను. నోరున్న ముసలిదాన్ని, అంతే. మొన్న ఎదురింటి పిల్ల మెట్టు తప్పి పడితే వాళ్లమ్మ వేడివేడి ఆముదం రాసి, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని పిసుకుతోంది. పిల్ల అరుపులకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నేను కర్ర పట్టుకుని వెళ్లి, "జర ఆ కాలు ఇడిసిపెట్టు బిడ్డా, అది రొట్టెల పిండి కాదు" అన్నాను.

పిల్లను మంచం మీద పడుకోబెట్టించి, కాలి కింద బొంత మడిచి పెట్టించి, చల్లటి తడిబట్ట వేయించాను. చీలమండకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఎముకల మీద, వాటి వెనక అంచుల మీద వేలితో నొక్కి చూశాను. పిల్ల ఊరుకుంది. ఎముక కింద మెత్తగా ఉన్న చోట నొక్కగానే నా చెయ్యి తోసేసింది. లేపి నిలబెడితే కుంటుకుంటూ నాలుగడుగులు వేసింది. ఎముక విరిగి ఉండదనీ, అయినా రెండ్రోజుల్లో అడుగు మోపలేకపోతే దవాఖానకు తీసుకుపొమ్మనీ చెప్పాను. కట్టు కట్టాలనుకుంటే వేళ్లు బయటికి కనబడాలన్నాను. గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలన్నాను. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ నిమిషమే విప్పెయ్యాలి, ఎవరు కట్టారని చూడకూడదు అన్నాను. ఈ చివరి మాట దగ్గర నా గొంతు ఎప్పుడూ లేస్తుంది. మా కోడలు నవ్వుతుంది. "కాలు ముచ్చటొస్తే మా అత్తమ్మకు పూనకమే" అంటుంది. నవ్వుకోనీ, దానికేం తెలుసు.

నా కుడికాలికి చివరి రెండు వేళ్లు లేవు. చీలమండ వంగదు. చెప్పు ఎప్పుడూ ఒకవైపే అరుగుతుంది. మాది మర్రిగూడ దిక్కు. అక్కడి నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయినవాళ్లకూ, నడుములు బిగుసుకుపోయినవాళ్లకూ కొదవ లేదు కాబట్టి నా నడక ఎవరికీ వింతగా తోచలేదు. కొత్తవాళ్లు నాదీ నీళ్ల మహిమే అనుకునేవాళ్లు. నేనూ కాదనేదాన్ని కాదు. నేరం నీళ్ల మీద పెడితే మనుషుల సంగతి చెప్పుకునే పని తప్పుతుంది.

నేనప్పటికి ఇంకా లంగా జాకెట్టు వేసుకుని ఎగిరే పిల్లని. ఏడాదికి పైగా ఊరు ఊరులా లేదు. రజాకార్లు ఎప్పుడొచ్చి పడతారోనని భయం. నైజాం మీద తిరగబడ్డ సంఘంవాళ్లకు బువ్వ పెట్టారన్న మాట బయటికి పొక్కితే ఇల్లు దక్కదని ఇంకో భయం. మగవాళ్లు చాలామంది చేలల్లోనే పడుకునేవాళ్లు. ఇన్ని భయాల్లోనూ మా సజ్జచేను మాత్రం నిండుగా కంకి వేసింది. రాజ్యం ఎవరిదైనా పిట్టలు ఆగవు గదా, అందుకని నన్ను మంచె మీద కాపలా పెట్టారు. చేతిలో వడిసెల, పక్కన గులకరాళ్లు. ఆ పని నాకు ప్రాణం. ఊళ్లో ఏ పిల్లా నా అంత దూరం రాయి విసరలేదని నాకు గొప్ప.

ఆ రోజు పొద్దెక్కాక ఆకాశంలో ఒక మోత మొదలైంది. ముందు ఉరుమనుకున్నాను. తీరా చూస్తే విమానం. అంతకు ముందు నేను దాన్ని చూసి ఎరగను. అది మా చేను మీదుగానే వస్తున్నట్టు అనిపించి, ఒళ్లు తెలియక మంచె మీంచి దూకాను. కుడికాలు గట్టు రాయి అంచు మీద పడి లోపలికి మడత పడింది. లోపలెక్కడో టప్పుమంది. విమానం దాని దారిన అది పోయింది. నేను సజ్జమొక్కల మధ్య పడి మా నాన్నను, బాపును, కేకేశాను. పక్క చెలకలో గుంటక తోలుతున్న బాపు ఎడ్లను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాచింది.

బాపు నన్ను వీపున వేసుకుని ఇంటికి తెచ్చాడు. అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, నా వేళ్లను ఒక్కొక్కటీ కదిలించమంది. కదిలించాను. "వేళ్లు ఆడుతానయి, ఇరగలే" అని తీర్పు చెప్పేసింది. మా దిక్కు అందరి నమ్మకమూ అదే. ఎముక విరిగినా వేళ్లు కదులుతాయని నేను చాలా కాలానికి గానీ తెలుసుకోలేదు. ఆ పూటకు అవ్వ మాట నిజమే అయింది, కానీ ఆమె చెప్పిన కారణం వల్ల కాదు. అవ్వ అక్కడితో ఆగక పయిల్వాన్‌ను పిలుచుకు రమ్మని బాపును పంపింది.

పయిల్వాన్ అంటే మా ఊరి చివర ఉండే ఒక సాయిబు. వయసులో ఉన్నప్పుడు కుస్తీలు పట్టేవాడట, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. నాకు తెలిసేనాటికి గడ్డం నెరిసిన మనిషి. కొంచెం చెలక, కాసిని మేకలు ఉండేవి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరి కాలు విరిగినా, భుజం జారినా ఆయన చెయ్యే పడాలి. ఊరి వరసకు బాపు ఆయన్ని మామా అనేవాడు, ఆయన బాపును అల్లుడా అనేవాడు. పీరీల పండుగకు ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని అలాయి నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లు. నాకు ఆయన తాత.

తాత నా కాలును ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే చూశాడు. తర్వాత బొటనవేలితో ఎముక వెంట మెల్లగా నొక్కుతూ నా ముఖం చూస్తూ పోయాడు. ఎముక కింద గుంటలో నొక్కగానే నేను ఎగిరిపడ్డాను.

"ఇరిగిందా తాతా?" అన్నాను.

"ఇరగలే బిడ్డా. ఎముక మంచిగున్నది. దాన్ని పట్టుకున్న నరం సాగింది. ఉబ్బు దిగితే నువ్వే నడుస్తవ్."

"మరి బతుకమ్మ ఆడొస్తదా?"

"ఎందుకాడవ్? అప్పటికి మల్ల ఎగురుతవ్. ఎగరకుంటే నన్నడుగు."

బతుకమ్మ అప్పుడు ఎంతో దూరంలో లేదు. గునుగు తెల్లగా పూసింది. నా ప్రాణమంతా ఆ ఆటలోనే ఉంది కాబట్టి ఆయన మాట విని సగం నొప్పి మరిచిపోయాను.

నిజానికి ఆ దెబ్బకు కట్టు కూడా అక్కర్లేదేమో. కదలకుండా పడుకోబెడితే చాలు. కానీ నేను కుదురుగా ఉండే పిల్లను కానని ఆయనకు తెలుసు. "గిది మంచంల ఉండే పోరి కాదు" అని నవ్వి, వెదురు బద్దలు చీల్చాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, పాతబట్ట పీలికలు దాంట్లో ముంచి, బద్దలు పెట్టి చుట్టాడు. అది ఆరితే రాయిలా బిగుస్తుంది. చుట్టేటప్పుడు మధ్య మధ్య తన వేలు లోపలికి దూర్చి చూసుకున్నాడు. అదంతా నాకు బాగా గుర్తు.

లేచేటప్పుడు అవ్వతో, "రెండు మూడు దినాలు ఇంక ఉబ్బుతది. నేనొచ్చి వదులు చేస్త. అందాక ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు.

"ఎందుకు ముడుతం? కట్టిన చెయ్యే ఇప్పాలె" అంది అవ్వ.

అది మా దిక్కు పాత మాట. కట్టు ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి, లేకుంటే అవయవం వంకర పోతుంది. పక్క ఊళ్లో ఒకాయన దురద పుడుతోందని తన కట్టు తానే విప్పుకుని జన్మంతా కుంటాడట. అవ్వ ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. కట్టు కట్టిన మర్నాడే విప్పేసి నూనె రాసి పిసికేవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతులకు కళ్లెం వేయడానికి ఎప్పుడో ఎవరో ఆ మాట అని ఉంటారు. పోను పోను కారణం మరిచిపోయారు, మాట మిగిలింది.

ఆ మర్నాడో ఆ మరుసటినాడో నైజాం దిగిపోయాడని కబురు వచ్చింది. యూనియన్ మిలిట్రీ వచ్చేసిందన్నారు. ఊరంతా పండుగ. బాపు నన్ను ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి చూపించాడు. జనం ఒకళ్ల మీద ఒకళ్లు గులాల్ చల్లుకుంటున్నారు. ఏడాదిగా భయంతో కుంచించుకుపోయిన మనుషులు గట్టిగా మాట్లాడటం చూసి నాకూ సంతోషంగా ఉంది. నా కాలు లోపల సలుపుతోంది, కానీ ఆ హడావుడిలో నేను దాన్ని చెప్పలేదు.

ఆ సంతోషం ఆ మధ్యాహ్నానికే ఇంకోలా తిరిగింది. మమ్మల్ని ఏడిపించిన రజాకార్లు అప్పటికే ఎటో పోయారు. చేతిలోకి వచ్చిన కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి. ఊళ్లో మిగిలిన సాయిబులు పట్టుమని పది గడపల వాళ్లు. మాలాగే దున్నుకుని బతికేవాళ్లు. మంచంలో పడుకుని నేను చప్పుళ్లు మాత్రమే విన్నాను. తలుపు విరుగుతున్న చప్పుడు, మేకల అరుపులు. అమ్మ తలుపు గడియ పెట్టింది. తర్వాత తెలిసింది, పయిల్వాన్ గడ్డివాముకు నిప్పు పెట్టారు, మేకలను తోలుకుపోయారు. ఆయన భార్యను ముందే చుట్టాలింటికి పంపేశాడట, తాను మాత్రం ఎటు పోయాడో తెలియదు. మేకలు ఎవరి దొడ్లో తేలాయో ఊరందరికీ తెలుసు. ఎవరూ పేరెత్తరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు ఆ రోజు నోరే మూసుకుంది.

ఆయన వస్తానన్న రోజు రానే వచ్చింది. అవ్వ పొద్దున్నే నీళ్లు కాచి పెట్టి గడపలో కూర్చుంది. ఆయన రాలేదు. నా కాలు అప్పటికి కట్టు లోపల ఉబ్బి, వేళ్లు బూరెల్లా పొంగి, రంగు మారుతున్నాయి. ఎవరో లోపలినుంచి తాడుతో బిగిస్తున్నట్టు పోటు. నేను ఏడుపు ఆపడం లేదు. అమ్మ చూడలేక కొడవలి తెచ్చింది.

"కోసేస్త అత్తా. పోరి పానం పోతాంది" అంది.

అవ్వ నా కాలికి అడ్డంగా కూర్చుంది. "కుంటిదాన్ని చేస్తవా? కుంటిదాన్ని ఎవ్వలు చేసుకుంటరు? కట్టినాయన ఒస్తడు. మాటిచ్చిండు" అంది.

అమ్మ కొడవలి చూరులో పెట్టేసింది. అత్త మాట మీద మాట అనే కోడళ్లు మా ఇళ్లలో అప్పుడు లేరు. అమ్మ మీద నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ ముఖం తలుచుకుంటే జాలి వేస్తుంది.

బాపు ఆయన్ని వెతకడానికి పోయాడు. పొద్దెక్కాక పోయినవాడు ఎండ తిరిగేవేళకు ఒక్కడే వచ్చాడు. నేను మంచం మీంచి గుమ్మంకేసే చూస్తున్నాను. బాపు వెనక ఎవరూ లేరు. కాళ్లు కడుక్కోకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏడున్నడు?" అంది అవ్వ.

"లేడు. పారిపోయిండు. ఇగ రాడు" అన్నాడు బాపు.

"రాక ఏడ వోతడు? ఒస్తనన్నడు."

బాపు కాసేపు నేల చూశాడు. "మనమే ఇప్పుదమా అమ్మా?" అన్నాడు.

"ఆయన ఇప్పుమని చెప్పిండా? ఆయన నోటితోని చెప్తే ఇప్పు. లేకుంటే ముట్టకు" అంది అవ్వ.

బాపు లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

ఆ తర్వాతి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మర్నాటికి నా నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది. వేళ్ల మీద ఈగ వాలినా తెలియడం లేదు. నేను ఏడుపు ఆపి, జొన్నరొట్టె అడిగి తిన్నాను. అవ్వ ముఖం విప్పారింది. "చూసినవా, కట్టు పనిచేస్తాంది" అని అమ్మతో అని, పోచమ్మకు కొబ్బరికాయ మొక్కుకుంది. అమ్మ కూడా కళ్లు తుడుచుకుని నవ్వింది. నొప్పి పోవడమంటే స్పర్శ పోవడమని, కాలు చచ్చిపోతోందని మాకెవరికీ తెలియదు. కట్టు కింద నొప్పి ఉంటే భయపడాలి, ఉన్నట్టుండి లేకపోతే ఇంకా ఎక్కువ భయపడాలి. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు ఆ రోజు మా ఇంట్లో ఉంటే చాలు. చెప్పగలిగిన ఒక్క మనిషి కోసమే మేం ఎదురు చూస్తూ కూర్చున్నాం.

వేళ్లు నల్లబడ్డాయి. వాసన మొదలైంది. అప్పుడు బాపు ఎవరినీ అడగకుండా కట్టు కోసేశాడు. కోసిన చోట ఏముందో అమ్మ నన్ను చూడనివ్వలేదు. కచ్చురం బండిలో గడ్డి పరిచి, నన్ను పడుకోబెట్టి నల్లగొండ దవాఖానకు తోలాడు. అవ్వ బండి వెనక కొంతదూరం నడిచి వచ్చింది. అప్పటికీ ఆమె, "జర ఆగితే ఒచ్చునేమో" అంటూనే ఉంది.

దవాఖానలో డాక్టరు సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడే పెద్దమనిషి. కాలంతా నొక్కి చూసి, "హడ్డీ ఇరగనే లేదు" అన్నాడు. బాపు తెచ్చిన బద్దలను తిప్పి చూశాడు.

"కట్టినోడు తెలిసినోడే. మల్ల ఎన్నడు వదులు చేసిండ్రు?"

"చెయ్యలే" అన్నాడు బాపు.

డాక్టరు బద్దలను పక్కన పెట్టాడు. రెండు వేళ్లు తీసేశారు. కండ కొంత తీసేశారు. పాదం మిగిలింది. అది నా అదృష్టమని అందరూ అన్నారు. చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. బతుకమ్మ నాడు నేను ఆ దవాఖాన మంచం మీదే ఉన్నాను. బయట ఎక్కడో చప్పట్లు వినబడుతుంటే దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

ఆ వయసులో మొదలైన కోపం నాకు మళ్లీ పోలేదు. కోపం ఎవరి మీదా అంటే, పయిల్వాన్ మీద. అవ్వ మూర్ఖురాలు, అమ్మ పిరికిది, వాళ్లతో ఏముంది. ఆయన తెలిసినవాడు. వస్తానన్నాడు. పసిపిల్ల కాలిని బిగించి తన ప్రాణం తాను చూసుకున్నాడు. ఆ మాట నేను మనసులో దాచుకోలేదు. ఆడపిల్లలు గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంటే గట్టు మీద కూర్చుని తిట్టాను. నాట్లకు పిలవనప్పుడు తిట్టాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు లేచి నడవమని అడిగిన ప్రతిసారీ, వాళ్లు వెళ్లిపోయాక తిట్టాను. చివరికి పెళ్లాం పోయిన ఒక పెద్దవయసు మనిషికి నన్నిచ్చారు. మంచివాడే, ఒక మాట అనలేదు. అయినా నేను కోరుకున్నది అది కాదు. నా పిల్లలకు కూడా చిన్నప్పుడే చెప్పాను, కట్టు కట్టి పారిపోయిన మనిషి ఒకడు ఉండేవాడని.

ఆయన్ని నమ్మింది అవ్వ ఒక్కతే. పోయేదాకా నమ్మింది. "ఆయనకు ఏదో అయింది బిడ్డా. లేకుంటే ఒచ్చేటోడు" అనేది. నేను విసుక్కునేదాన్ని. "నీ మొండితనం కప్పుకునేతందుకు చెప్తున్నవ్" అని ముఖం మీదే అన్నాను కూడా. అవ్వ నా కుంటికాలి మీద చెయ్యి వేసి నిమిరేది. ఆయన ఊరికి మళ్లీ రాలేదు. ఆలంపూర్ దిక్కు పోయి నది దాటాడని కొందరు, దారిలోనే పోయాడని కొందరు అన్నారు. ఆయన చెలక ఎవరో దున్నుకున్నారు.

బాపు బాగా ముసలివాడయ్యాక నా దగ్గరే ఉన్నాడు. ఒక వానాకాలం బోరింగు దగ్గర పాకుడు మీద జారి కాలు మడత పడింది. నేను అలవాటు ప్రకారం ఎముక అంచులు నొక్కి చూశాను, బెణుకే. మెత్తటి బట్టతో కట్టు కట్టి, దిండు మీద కాలు పెట్టించాను. పొద్దునా సాయంత్రం విప్పి, వేళ్లు చూసి మళ్లీ కట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆ పని చేస్తూ, నోరూరుకోక అన్నాను, "నాకు కట్టిన దొంగముండాకొడుకు కూడా గిట్ల వచ్చి ఒక్కపారి చూసిపోతే నా బతుకు గిట్లుండకపోవు."

బాపు నా కుడికాలికేసి చూశాడు. తర్వాత, "ఆయన్ని తిట్టకు బిడ్డా" అన్నాడు.

"ఎందుకు తిట్టొద్దు?"

"నువ్వు ఆయన్ని తిట్టినప్పుడల్ల నాకు తాకుతది. ఆ దినం ఆయన నాకు దొరికిండు."

నేను కట్టు చుట్టడం ఆపేశాను. బాపు నాకేసి చూడకుండా వీధికేసి చూస్తూ చెప్పాడు. పయిల్వాన్ మా చెలక అవతలి వాగులో, మొగలి పొదల చాటున ఉన్నాడట. తిండిలేక కళ్లు లోపలికి పోయాయట. బాపును చూడగానే ముందు అడిగిన మాట, పోరి కాలు ఎట్లున్నదని. వేళ్లు ఉబ్బాయని బాపు చెప్తే వెంటనే లేచాడట.

"'నడువు అల్లుడా, ఇప్పుడే వదులు చేస్త. కాకుంటె నువ్వు నా పక్కపొంటి నడువాలె, నీ ఇంటిదాక. నువ్వు పక్కకుంటె నన్ను ఎవ్వలు ముట్టరు' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమనలే. నాకు నోరు రాలే. వాడ నడుమ నుంచి పోవాలె. అందరు చూస్తరు. రేపు నా ఇంటి మీద పడ్తరేమో అనిపించింది. గట్లనే నిలబడ్డ. ఆయన నా మొకం చూసిండు. మల్ల కూసున్నడు."

బాపు పాదం నా ఒళ్లోనే ఉంది.

"'అయితె నువ్వే ఇప్పు' అన్నడు. 'గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టి, మెల్లగ ఇప్పు. ఈ పూటనే ఇప్పు, రేపటిదాక ఉంచకు. మీ అమ్మ ఒప్పుకోకపోతె నేను చెప్పిన్నని చెప్పు' అన్నడు."

ఆ రోజు అవ్వ బాపును అడిగిన మాట నా చెవిలో మోగింది. ఆయన నోటితో చెప్పాడా అని అడిగింది. చెప్పాడు. ఆ ఒక్క మాటకే అవ్వ లేచి తానే విప్పేది.

"మరి ఎందుకు చెప్పలేదు బాపూ?"

"చెప్తె, ఎందుకు తోల్కరాలేదని అడుగుతది గద. ఏమని చెప్పాలె? రెండు మూడుసార్లు నోటిదాక ఒచ్చింది. నీ నొప్పి తగ్గిందంటె ఇగ చెప్పే పనిలేదనుకున్న." బాపు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. "నేను ఎనుకకు మర్రంగ మల్ల పిలిచిండు. 'నేను రాలేదని పోరి ఏడుస్తది. దానికి ఏదన్న చెప్పు' అన్నడు. నేను పారిపోయిండని చెప్పిన."

నాకు బాపు మీద అరవాలనిపించింది. కానీ ఆయన వయసు, ఆ వాచిన కాలు చూస్తే ఇప్పుడు అరిచి మాత్రం ఏం లాభం అనిపించింది. తర్వాత ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు కాలి కోసం కాదు. వాగులో ఆకలితో కూర్చుని నా కాలు ఎట్లున్నదని అడిగిన మనిషిని నేను బతుకంతా తిట్టాను, నా పిల్లల చేత కూడా తిట్టించాను. ఆయన పిల్లలెవరో, ఎక్కడున్నారో, ఉన్నారో లేరో నాకు తెలియదు. బాపు ఇంకేదో అంటున్నాడు. నేను వినకుండా కట్టు చుట్టడం పూర్తి చేసి, ఆయన వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టి చూశాను.